గుసగుసక్క ఏడాది పాసు

మా చెవుల క్లినిక్‌లో చివరి గది తలుపు పరుపంత మందంగా ఉంటుంది. లోపల గోడల నిండా నల్లటి స్పాంజి. తలుపు వేశామంటే చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. చీమ లేకపోతే మన గుండె చప్పుడు మనకే వినిపిస్తుంది. ఆ గదిలో పేషెంటుని కూర్చోబెట్టి, చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించి, చేతికో బటన్ ఇచ్చి, అద్దానికి ఇవతల కూర్చుని సన్నసన్నటి కూతలు వినిపిస్తూ ఉంటుంది మా అక్క. కూత వినబడితే వాళ్ళు బటన్ నొక్కాలి. నొక్కితే ఇంకాస్త తగ్గిస్తుంది. ఇంకాస్త. ఇంకాస్త. నిజంగా వినబడిందో, వినబడినట్టు అనిపించిందో వాళ్ళకే తెలియనంత వరకు తగ్గిస్తుంది.

ఇరవై ఏళ్ళకి పైగా ఇదే పని. ఆ శబ్దాలతోపాటు తన గొంతు కూడా తగ్గించుకుంటూ వచ్చిందో ఏమో, ఆవిడ మాట్లాడితే పక్కనున్నవాళ్ళకి కూడా సగమే అందేది. అందుకని మేమంతా గుసగుసక్క అంటాం. చాటున కాదు, ఎదురుగానే అంటాం. ఆవిడేమీ అనుకోదు. అనుకున్నా మాకు వినబడదు.

నేను ముందు బల్ల దగ్గర కూర్చుని పేర్లు రాసుకుంటాను. వంతు వచ్చినప్పుడు అక్క తన గుమ్మంలో నిలబడి పేరు పిలిచేది. చెవుడుతో వచ్చినవాళ్ళ సంగతి సరే, తోడొచ్చినవాళ్ళకి కూడా వినబడేది కాదు. చివరికి నేనే గొంతు చించుకోవాల్సి వచ్చేది. ఒకసారి ఒక పెద్దాయన విసుక్కున్నాడు. "ఏమ్మా, చెవులు పనిచెయ్యని మాకోసం నోరు పనిచెయ్యని మనిషిని పెట్టారా?" అక్క నవ్వింది. ఆ నవ్వు కూడా చప్పుడు లేకుండానే.

ఇంట్లోనూ అంతే. బావగారు, అంటే అక్క భర్త, స్కూలు బస్సు డ్రైవరు. ఒక్కతే కూతురు, పెళ్ళై రెండు వీధుల అవతల ఉంటుంది. సాయంత్రం మొగుడూ పెళ్ళాం టీవీ ముందు కూర్చుంటారు గానీ సౌండు పెట్టరు, కింద వచ్చే అక్షరాలు చదువుకుంటారు. ఆ ఇంట్లో గట్టిగా నోరు చేసుకునేది కుక్కరొక్కటే.

అలాంటి మనిషి గొంతు థీమ్ పార్కు ఈ చివర నుంచి ఆ చివరకి వినిపించిందంటే ఎవరూ నమ్మరు. నేను పక్క సీట్లో ఉన్నాను కాబట్టి నమ్ముతాను.

కిందటేడు క్లినిక్‌కి కొత్త మెషిన్ వచ్చింది. ఆ సంతోషంలో మా డాక్టరమ్మ ఒక శనివారం క్లినిక్ మూసేసి, అందర్నీ థీమ్ పార్కుకి తీసుకెళ్ళింది. అందరం అంటే నలుగురమే. డాక్టరమ్మ, అక్క, నేను, వినికిడి మెషిన్లకి చెవి అచ్చులు పోసే అన్న. వ్యాన్లో వెళ్తున్నంతసేపూ అచ్చుల అన్నదే హడావుడి. "కొండగుర్రం ఎక్కాలి. ముందు సీట్లో కూర్చోవాలి. చేతులు రెండూ గాల్లో వదిలెయ్యాలి. అప్పుడే మజా" అని ఒకటే గొప్పలు.

కొండగుర్రం అంటే ఆ పార్కులో చెక్కతో కట్టిన పాతకాలపు రోలర్ కోస్టర్. రోడ్డు మలుపు తిరగకముందే దాని నడుము కనబడుతుంది, ఎండకి వెలిసిపోయిన దుంగలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఆకాశంలోకి పోయినట్టుగా. అక్క వ్యాన్ కిటికీలోంచి దాన్ని చూసి, వెంటనే కళ్ళు దించుకుంది.

గేటు దాటగానే చెట్టు నీడలో ఒక బెంచీ చూసుకుని కూర్చుంది. "మీరు వెళ్ళి రండి. సంచులు నేను చూసుకుంటాను" అని పెదాలు కదిపింది. ప్రతి జట్టులో ఇలాంటి మనిషి ఒకరుంటారు. వాళ్ళు ఉన్నారన్న ధైర్యంతోనే మిగతావాళ్ళు ఎగురుతారు. డాక్టరమ్మ పడవల వైపు వెళ్ళింది. నేనూ అచ్చుల అన్నా కొండగుర్రం వరసలో నిలబడ్డాం.

వరస కదిలేకొద్దీ అన్న మాటలు తగ్గాయి. సగం దూరం వచ్చాక ఒక హెచ్చరిక బోర్డు ఉంది. దాన్ని ఆయన పరీక్షకి చదివినట్టు పైనుంచి కింద దాకా చదివాడు. మళ్ళీ మొదట్నుంచి చదివాడు. ఇంకో రెండు జట్లు ఎక్కితే మా వంతు అనగా, మెడ మీద చెయ్యి వేసుకుని, "అమ్మాయ్, నాకు పొద్దున్నించీ మెడ పట్టేసినట్టుంది" అన్నాడు.

"పొద్దున్నించీ వ్యాన్లో అరిచింది ఎవరు మరి?"

"అప్పుడు పట్టలేదు. ఇప్పుడే పట్టింది."

ఒక్కదాన్నే కూర్చోవాలంటే నాకు పై ప్రాణాలు పైనే పోతున్నాయి. కమ్మీ మీద నుంచి వంగి, "అక్కా! నువ్వు రా!" అని కేకేశాను. అక్క తల అడ్డంగా ఊపి సంచులు చూపించింది. ఈలోగా అన్న వరసలోంచి బయటపడి గబగబా ఆవిడ దగ్గరికి వెళ్ళి, సంచులన్నీ ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. ఏం చెప్పాడో నాకు తెలీదు. తర్వాత అక్క చెప్పింది. "అక్కా, నా పరువు నీ చేతుల్లో ఉంది" అన్నాట్ట. పాపం ఆయన మొహం చూడలేక లేచి వచ్చింది. ధైర్యం వచ్చి కాదు, జాలి వేసి.

కూర్చున్నాం. ఒళ్ళో అడ్డకమ్మీ పడింది. అక్క దాన్ని రెండు చేతులా పట్టుకుంది, వేళ్ళు తెల్లబడేలా. బండి కదిలి కొండ ఎక్కడం మొదలుపెట్టింది. కింద గొలుసు టకటకటకటక. నేను అప్పటికే దేవుళ్ళందర్నీ పిలుస్తున్నాను. అక్క మాత్రం తల కాస్త పక్కకి వంచి ఆ టకటకల్నే వింటోంది, గదిలో అద్దం వెనక కూర్చున్నట్టు. సరిగ్గా పైకి చేరాక గొలుసు ఆగిపోయింది. ఒక్క క్షణం గాలి కూడా ఆగినట్టయింది. కింద పార్కంతా చిన్న పళ్ళెంలో పెట్టినట్టు కనబడుతోంది.

"ఎంత బాగుందే" అంది అక్క, ఎప్పటిలాగే గుసగుసగా.

అంతే. కింద పడ్డాం.

ఆ అరిచింది ఎవరో నాకు వెంటనే తెలియలేదు. వెనక సీట్లో ఎవరో అనుకున్నాను. పొడుగ్గా, నిండుగా, ఎక్కడా వణుకు లేని కేక. మలుపు తిరిగినా ఆగలేదు, రెండో గుట్ట ఎక్కుతుంటే కాస్త తగ్గి, దిగుతుంటే మళ్ళీ లేచింది. నేను కూడా అరుస్తూనే ఉన్నాను గానీ, ఆ కేక ముందు నాది పిల్లికూత. తల తిప్పి చూస్తే అక్క! నోరంతా తెరిచి, జుట్టు మొహం మీద కొట్టుకుంటూ, కళ్ళలోంచి నీళ్ళు చెవుల వైపు కారిపోతూ. నేను అరవడం మానేసి వినడం మొదలుపెట్టాను. ఇన్నేళ్ళూ ఎక్కడ దాచిందీ గొంతు?

బండి ఆగింది. అడ్డకమ్మీ లేచింది. అక్క లేవలేదు. నాకు భయమేసింది. "అక్కా, బాగానే ఉన్నావా?"

"మళ్ళీ ఎక్కుదామా?" అంది.

అన్నది మామూలుగానే. కానీ నేను ఉలిక్కిపడ్డాను. ఆ మాట నాకు పూర్తిగా వినబడింది. అందులో ఒక్క అక్షరం కూడా జారిపోలేదు. కమ్మీలు లేపే కుర్రాడు నవ్వుతూ, "అమ్మా, మీరు అరిస్తే టికెట్ల దగ్గరున్న మావాళ్ళు ఫోన్ చేశారు, ఎవరికైనా ఏమైనా అయిందా అని" అన్నాడు. అక్క మొహం ఎర్రబడింది. సిగ్గు అనుకున్నాను. సిగ్గు కాదు, గర్వం.

మళ్ళీ ఎక్కాం. మళ్ళీ ఎక్కాం. ఆ తర్వాత ఇక నా వల్ల కాదని నేను బెంచీ మీద కూలబడితే, అక్క ఒక్కతే వెళ్ళింది. నాతోపాటు అచ్చుల అన్న, పడవలెక్కి వచ్చిన డాక్టరమ్మ. ముగ్గురం కూర్చుని, దూరం నుంచి వచ్చే ఆ కేక వింటూ, "అదిగో, మొదటి పల్లం", "అదిగో, మలుపు" అని చెప్పుకున్నాం. తిరిగి రాగానే డాక్టరమ్మ అక్క చెయ్యి పట్టుకుని నాడి చూసింది. తర్వాత తన సంచిలోంచి చెవుల్లో పెట్టుకునే మెత్తటి బిరడాలు తీసి ఇచ్చింది. "నోరు నీది, ఎంతైనా అరుచుకో. చెవులు మాత్రం నా బాధ్యత. పెట్టుకుని ఎక్కు."

అక్క చెవుల్లో బిరడాలు పెట్టుకుని వెళ్ళింది. ఇంకా గట్టిగా అరిచింది.

సాయంత్రం అవుతోంది. గేటు వైపు నడుస్తుంటే పసుపురంగు కౌంటర్ ఒకటి కనబడింది. అద్దం మీద పెద్ద అక్షరాలు: ఈ రోజు టికెట్ చూపించి, మిగతా సొమ్ము కడితే ఏడాది పాసు. ఈ రోజు గేటు మూసేదాకే.

అక్క ఆగిపోయింది. నాలుగడుగులు ముందుకెళ్ళి వెనక్కి చూస్తే, ఆ అద్దం ముందు నిలబడి, ఆ అక్షరాల్ని పెదాలతో చదువుకుంటోంది.

"ఏంటక్కా, కొంటావా ఏంటి?" అన్నాను నవ్వుతూ.

ఆవిడ నవ్వలేదు. కౌంటర్లో అమ్మాయిని అడగడం మొదలుపెట్టింది. ఎప్పుడెప్పుడు చెల్లుతుంది? స్కూలు సెలవుల్లో శని, ఆదివారాలు చెల్లదు. ఎన్నిసార్లైనా ఎక్కొచ్చా? ఎక్కొచ్చు. ఇంకొకరికి ఇవ్వొచ్చా? ఇవ్వకూడదు, ఫోటో అంటిస్తాం. ఏడాదిలో ఒక్కసారి మాత్రం ఎవరినైనా ఉచితంగా వెంట తెచ్చుకోవచ్చు. గేటు ఎన్నింటికి మూస్తారు? ఇంకో గంట ఉందండీ.

"గంట ఉంది" అంది అక్క నా వైపు తిరిగి. పరీక్షలో ప్రశ్నాపత్రం అందుకున్న పిల్లలా ఉంది మొహం.

అచ్చుల అన్న వెంటనే లెక్క తేల్చేశాడు. "నాలుగుసార్లు వస్తే గిట్టుబాటు. ఐదోసారి నుంచి లాభం. కానీ అక్కా, ఇవన్నీ మూన్నాళ్ళ ముచ్చట్లు. మొదటి నెలలో రెండుసార్లు వస్తారు, తర్వాత పాసు ఎక్కడుందో వెతుక్కుంటారు. వాళ్ళు బతికేదే దాని మీద." మెడ పట్టేసిన మనిషి మాటైనా, మాటలో తప్పు లేదు.

అక్క విని ఊరుకోలేదు. పాసున్నవాళ్ళ మెడలో పసుపు పట్టీ ఉంటుంది. అలాంటివాళ్ళని వెతికి మరీ అడగడం మొదలుపెట్టింది. ముక్కూమొహం తెలియనివాళ్ళని ఆపి మాట్లాడ్డం ఆవిడ జన్మలో చేసి ఎరగదు. కవలపిల్లల్ని చెరో చేత్తో లాక్కొస్తున్న ఒకావిడ, "వద్దమ్మా వద్దు. బూడిదలో పోసిన పన్నీరు. ఒకడికి జ్వరం తగ్గితే ఇంకొకడికి వస్తుంది. ఏడాదికి ఇది రెండోసారి రావడం" అని చెప్పి వెళ్ళిపోయింది. అక్క డీలాపడింది.

కొలను గట్టు మీద ఒక రిటైరైన పోస్ట్‌మ్యాన్ కూర్చుని కాఫీ తాగుతున్నాడు. ఆయన మెడలోనూ పట్టీ. "నేను ఐదేళ్ళుగా కొంటున్నాను" అన్నాడు. "ఇంతవరకు ఒక్కటీ ఎక్కలేదు."

"మరెందుకండీ?"

"టికెట్ కొన్నవాడిని చూడండి. పొద్దున్నించీ పరుగే, పెట్టిన డబ్బులు రాబట్టుకోవాలని. ఎండైనా వానైనా ఎక్కాల్సిందే. పాసున్నవాడికి ఆ బాధ లేదు. కాసేపు కూర్చుంటాడు, బుద్ధి పుడితే ఇంటికెళ్ళిపోతాడు. నేను నడక కోసం వస్తాను. జనం నవ్వుతుంటే చూడ్డానికి బాగుంటుంది." కాఫీ కప్పు పక్కన పెట్టి అక్కని ఎగాదిగా చూశాడు. "ఇందాక ఆ కేకలు మీవేనా?"

"నావే" అంది అక్క.

"అయితే కొనండి" అన్నాడాయన, మందు చీటీ రాసిచ్చినట్టు.

ఇంక అక్క కాళ్ళు నేల మీద నిలవలేదు. కూతురికి ఫోన్ చేసింది. ఆ అమ్మాయి, "అమ్మా, నీ గొంతేంటి అలా ఉంది? ఎవరైనా ఏమైనా అన్నారా?" అని కంగారుపడి, విషయం తెలిశాక పకపకా నవ్వి, "నాన్నని అడుగు" అని పెట్టేసింది. బావగారు అప్పటికే అక్కని తీసుకెళ్ళడానికి గేటు బయట ఉన్నారు. స్కూటరు స్టాండు వేసి, కమ్మీల గేటుకి అవతల నిలబడ్డారు. అక్క ఇవతల. బయటికి వెళ్తే ఈ రోజు టికెట్‌తో మళ్ళీ లోపలికి రానివ్వరు. పసుపు కౌంటర్ లోపలే ఉంది. అందుకని మాటలన్నీ కమ్మీల మధ్యనుంచే.

"గొంతేమైంది?" అన్నారు బావగారు. నిజంగానే బొంగురుపోయింది.

"అరిచాను."

"ఎవరి మీద?"

"ఎవరి మీదా కాదు. ఊరికే."

బావగారు కమ్మీకి ఇంకాస్త దగ్గరగా జరిగారు. "ఊరికే ఎవరైనా అరుస్తారా?"

"ఇక్కడందరూ అరుస్తారు" అని, పాసు సంగతి గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. ఆ మనిషి నోటి వెంట ఒకేసారి అన్ని మాటలు నేనెప్పుడూ వినలేదు. బావగారు కూడా విననట్టే ఉంది. ఆయన మాట వినడం మానేసి ఆవిడ మొహమే చూస్తున్నారు.

"అరవడానికి డబ్బులు కట్టాలా? ఇంట్లో అరుచుకో, ఉచితం."

"ఇంట్లో అరిస్తే పక్కింటివాళ్ళు పరిగెత్తుకొస్తారు. ఇక్కడ పక్కవాళ్ళు కూడా కలిసి అరుస్తారు."

నాకు నవ్వు ఆగలేదు. బావగారు నా వైపొకసారి చూసి, గొంతు తగ్గించారు. "ఈతకొలను మర్చిపోయావా?"

ఆ కథ మాకూ తెలుసు. మోకాళ్ళ నొప్పులకి ఈత మంచిదని చెబితే, ఏడాదికి సరిపడా ఈతకొలను కార్డు తీసుకుంది అక్క. వారం తిరక్కుండానే మానేసింది. ఇంట్లో ఎవరేం కొనాలన్నా ఆ కార్డు ఊసు రాకుండా ఉండదు.

"ఈతకి మీరు వెళ్ళమన్నారు. అమ్మాయి వెళ్ళమంది. మోకాళ్ళ డాక్టరు వెళ్ళమన్నాడు. దీనికి ఒక్కరు కూడా వెళ్ళమనట్లేదు. అందుకే వెళ్తాను."

బావగారు కమ్మీ పట్టుకుని అటూ ఇటూ చూసి, అసలు భయం బయటపెట్టారు. "నాకు తల తిరుగుతుందని తెలుసు కదా. ఎవడైనా నడుపుతుంటే పక్కన కూర్చోలేను. రోజంతా బస్సు తిప్పుతాను గానీ, ఆటో ఎక్కితే నాకు వాంతులు. నన్ను రమ్మంటే…"

"మిమ్మల్ని రమ్మనట్లేదండీ. నేనొక్కదాన్నే వస్తాను."

బావగారి మొహం వాడిపోయింది. రమ్మంటే రాననడానికి సిద్ధపడిన మనిషి, రమ్మనకపోయేసరికి చిన్నబుచ్చుకున్నారు. అక్కకీ అది తెలిసింది. కమ్మీలోంచి వేళ్ళు చాపి ఆయన చొక్కా చెయ్యి పట్టుకుంది. "ఒక్కదాన్నే ఎక్కినప్పుడు కూడా భయం వెయ్యలేదండీ. నాకే ఆశ్చర్యంగా ఉంది" అంది. కళ్ళు మెరుస్తున్నాయి. చిన్నపిల్ల సైకిల్ తొక్కడం వచ్చేసిందని చెబుతున్నట్టుంది.

సరిగ్గా అప్పుడే పసుపు కౌంటర్ అమ్మాయి షట్టర్ సగానికి లాగింది.

అక్క చూసింది. ఆయన చొక్కా వదిలేసింది. చెప్పులు చేతిలోకి తీసుకుని పరుగెత్తింది! మోకాళ్ళ నొప్పుల మనిషి, బస్సు వెళ్ళిపోతున్నా నడిచే మనిషి, జనాన్ని తప్పించుకుంటూ, "ఆగమ్మా! ఆగు! వస్తున్నా!" అని బొంగురు గొంతుతో కేకలేస్తూ. వెనకనుంచి ఇంకో కేక వినబడింది. బావగారిది. "టికెట్టు! టికెట్టు నీ సంచిలో ఉంది, సంచి ఇక్కడుంది!" సంచి నా భుజాన ఉంది. నేనూ పరుగు.

ఫోటో తీసేటప్పుడు కౌంటర్ అమ్మాయి, "నవ్వకుండా కెమెరా వైపు చూడండి" అని మూడుసార్లు చెప్పింది. కుదరలేదు. పాసు మీద అక్క ఫోటోలో కళ్ళు మూసుకుపోయి, పళ్ళన్నీ కనబడుతూ, పక్కన నా భుజం కూడా వచ్చింది.

గురువారం మధ్యాహ్నం మా క్లినిక్‌కి సెలవు. ఆ మొదటి నెల ఒక్క గురువారం కూడా తప్పలేదు. నాలుగుసార్ల గిట్టుబాటు లెక్క నెల తిరక్కముందే దాటిపోయింది. దాటిన మర్నాడు అక్క ఓ పెద్ద పొట్లం బిస్కెట్లు తెచ్చి, అచ్చుల అన్న బల్ల మీద పెట్టి, తన గదిలోకి వెళ్ళిపోయింది. అన్న సగం పొట్లం తినేసి, "ఆరంభశూరత్వం. చూద్దాం" అన్నాడు.

క్లినిక్‌లో మార్పు ముందుగా పేషెంట్లకే తెలిసింది. అక్క గుమ్మంలో నిలబడి పేరు పిలిస్తే వినబడ్డం మొదలైంది. నోరు పనిచెయ్యని మనిషి అని విసుక్కున్న ఆ పెద్దాయన మళ్ళీ వచ్చాడు. తన పేరు వినబడగానే చెవిలో మెషిన్ తీసి అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది బాగుపడిందా, నువ్వు బాగుపడ్డావా?" అన్నాడు. ఈసారి అక్క నవ్వు నా బల్ల దాకా వినబడింది.

ఆ తర్వాత వానలు వచ్చాయి. కొండగుర్రం దుంగలు నానాయనీ, కొన్ని మార్చాలనీ దాన్ని మూసేశారు. ఎప్పుడు తెరుస్తారో చెప్పలేదు. బావగారు "నేను చెప్పలేదూ" అనలేదు గానీ, అననట్టు కనబడేలా తిరిగారట ఇంట్లో. అక్క రెండు వారాలు ముభావంగా ఉంది. మూడో వారం గొడుగు తీసుకుని వెళ్ళింది. పార్కు ఆఫీసులో నిలబడి, "నేను కొన్నది గుర్రం కోసం. గుర్రం లేని రోజులకి నా పాసు ఎందుకు కరగాలి?" అని అడిగింది. అందరికీ వినబడేలా అడిగింది. వెనక వరసలో ఉన్న ఇంకో నలుగురు పాసుల వాళ్ళు "అవును, అవును" అన్నారు. మూసిన రోజులన్నీ గడువులో కలుపుతామని మేనేజరు రాసిచ్చాడు. ఆ సాయంత్రం అక్క నాకు ఫోన్ చేసి చెప్పిన పద్ధతి వింటే, యుద్ధం గెలిచొచ్చిందనుకోవాలి. గుర్రం తెరిచేదాకా మిగతావన్నీ ఎక్కింది. తిరిగే కప్పులెక్కి మాత్రం వాంతి చేసుకుంది. "అది నాకు పడదు" అని తేల్చేసింది, తన ఇష్టాయిష్టాలు బాగా తెలిసిన మనిషిలా.

బావగారి కథ వేరేగా నడిచింది. డ్రైవరు గారి భార్య వారంవారం కొండగుర్రం ఎక్కుతుందని స్కూలు బస్సు పిల్లలకి ఎలాగో తెలిసిపోయింది. అంతే, ఆయన చుట్టూ మూగడం మొదలైంది. ఎంత ఎత్తు ఉంటుంది అంకుల్? ముందు సీట్లో కూర్చుంటుందా ఆంటీ? నిజంగా చేతులు వదిలేస్తుందా? ఆయన ఇంటికొచ్చి అక్కని అడగడం, మర్నాడు పిల్లలకి చెప్పడం. టీవీ మాట దేవుడెరుగు, సాయంత్రాలన్నీ ఇద్దరికీ ఇదే ముచ్చట. చివరికి ఒక చిన్నది, ముందు పళ్ళు ఊడినది, "మరి నువ్వెప్పుడెక్కావు అంకుల్?" అని అడిగింది. ఆయన బస్సు గేరు మార్చారు. ఆ రాత్రి అన్నం దగ్గర, "ఆ ఉచితంగా తెచ్చుకునేది ఇంకా ఉందా?" అన్నారట.

అక్క ఆయన్ని తీసుకెళ్ళిన రోజు నేనూ వెళ్ళాను. ఇలాంటివి చూడకుండా ఎలా ఉంటాం? అక్క ముందే ఆలోచించి పెట్టుకుంది. "ముందు సీటు. ముందు దారి కనబడుతుంటే మీకు తల తిరగదు. మీ బస్సులో తిరుగుతోందా? లేదు కదా" అంది. కూర్చున్నారు. నేను వెనక సీట్లో. గొలుసు టకటకలాడుతుంటే బావగారి మెడ మీద చెమట కనబడుతోంది. పైకి చేరాం. పడ్డాం. అక్క కేక ఎప్పటిలాగే ఆకాశానికి లేచింది. బావగారు అరవలేదు. అడ్డకమ్మీని స్టీరింగులా పట్టుకుని, ప్రతి మలుపులో దాన్ని తిప్పడానికి ప్రయత్నిస్తూ, కుడికాలితో నేల తొక్కుతూనే ఉన్నారు. దడ్, దడ్, దడ్. బ్రేకు! నాకు నవ్వుతో ఊపిరాడలేదు.

దిగాక ఆయన మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. కానీ వాంతి కాలేదు. బెంచీ మీద కూర్చుని నీళ్ళు తాగి, సీసా మూత బిగిస్తూ అన్నారు, "ఆ మూడో మలుపు ఎవడు కట్టాడో గానీ, అక్కడ వేగం తగ్గించాల్సింది."

"బాగుందా లేదా?" అంది అక్క.

"నువ్వు వెళ్ళి ఎక్కిరా. నేను ఇక్కడ కూర్చుంటా" అన్నారు. అక్క వెళ్ళింది. పై నుంచి కేక వినబడగానే ఆయన నా వైపు వంగి, ఎవరికో పరిచయం చేస్తున్నట్టు, "అదిగో. మా ఆవిడ" అన్నారు.

మర్నాడు బస్సులో ఏం చెప్పారో నాకు తెలీదు గానీ, పిల్లల్లో ఒకడి తల్లి మా క్లినిక్‌కి వచ్చి అంది, "మావాడు ఆదివారం కొండగుర్రం ఎక్కించమని చంపుతున్నాడండీ. డ్రైవరంకుల్ చేతులు వదిలేసి ఎక్కాడంట." నేను పేరు రాసుకుంటూ నవ్వు దాచుకున్నాను. అక్క గదిలోంచి తల బయటపెట్టి, "అవునండీ, వదిలేశారు" అని ఖంగుమని చెప్పి, మందపాటి తలుపు వేసుకుంది.

పాసు గడువు, కలిపిన రోజులతో సహా, వచ్చే నెల అయిపోతుంది. కొత్తది కొనాలా వద్దా అన్న చర్చ ఆ ఇంట్లో అసలు జరగలేదు. పార్కువాళ్ళు కొలను అవతల ఇంకోటి కడుతున్నారు, ఇనుముతో. కొండగుర్రానికి రెట్టింపు ఎత్తట. తలకిందులుగా కూడా తిప్పుతుందట. తెరిచే రోజున మొదటి వరసలో నిలబడాలని అక్క ఇప్పటికే సెలవు అడిగింది. నన్నూ పాసు కొనమని నిన్న మధ్యాహ్నం నా బల్ల మీద మోచేతులు ఆనించి మరీ పోరింది.

"నాలుగుసార్లు వస్తే చాలు, గిట్టుబాటు" అంది.

"చూద్దాంలే అక్కా. నాకు కుదరాలి కదా" అన్నాను.

"గేటు మూసేలోపు చెప్పు" అని, తర్వాతి పేషెంటు పేరు పిలిచింది. వీధిలో వెళ్తున్న ఒకాయన ఆగి, తననే పిలిచారేమో అని లోపలికి తొంగి చూశాడు.